‘ప్రీమియం ఎమల్షన్, పేరున్న కంపెనీ’ అంటే ఏమిటి? బిల్డర్లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో అపార్ట్‌మెంట్లు కట్టి అమ్ముతున్న బిల్డర్లకు,

నమస్కారం.

మీ బ్రోచర్లలో చివరి పేజీ చదివే కొద్దిమందిలో నేనొకడిని. కొనడానికి వచ్చినవాళ్లు క్లబ్‌హౌస్ బొమ్మ దగ్గరో, స్విమ్మింగ్ పూల్ దగ్గరో ఆగిపోతారు. ఫినిషింగ్ పనులు చూసే సివిల్ ఇంజినీరుకు మాత్రం అసలు విషయం ‘స్పెసిఫికేషన్స్’ దగ్గరే మొదలవుతుంది. హాల్లో టైల్ ఎన్ని మిల్లీమీటర్లో రాస్తారు. గుమ్మం టేకుదో కాదో రాస్తారు. స్విచ్చులు, కుళాయిలు, వైర్లు, లిఫ్టు, అన్నిటికీ కంపెనీ పేర్లుంటాయి. రంగుల వరసకొచ్చేసరికి ఎవరి బ్రోచర్ తీసినా ఒకటే మాట: ‘లప్పం మీద ప్రైమర్, రెండు కోట్లు ప్రీమియం ఎమల్షన్, పేరున్న కంపెనీ. తలుపులకు, గ్రిల్స్‌కు ఎనామెల్.’

ఏ ఎమల్షన్? ఏ ఎనామెల్? ‘ప్రీమియం’ అని ఎవరన్నారు? మీ సేల్స్ ఆఫీసులో అడిగితే రంగుల కార్డు తెచ్చి చూపిస్తారు. ఐవరీ కావాలా, ఆఫ్‌వైట్ కావాలా అంటారు. నేను అడిగేది షేడ్ గురించి కాదు.

ఒక ఫ్లాట్‌లో గోడలూ సీలింగూ కలిపితే నేల వైశాల్యానికి మూడింతలకు పైగా వస్తాయి. అంటే మీరు ఇంట్లో పరిచే వస్తువులన్నిటిలోకీ ఎక్కువ విస్తీర్ణం రంగుదే. రోజుకు పది పన్నెండు గంటలు మనుషులు పీల్చే గాలికి ఆనుకుని ఉండేది కూడా అదే. దాని గురించి మీరు రాసేది ఒక్క వాక్యం.

మన దగ్గర రంగుల మీద చర్చే లేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు ఏ రంగు వేయాలన్న గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ డబ్బాల్లో ఏముందని మాత్రం ఏ పక్షమూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

రంగు ఆరడమంటే అందులోని ద్రవం గాలిలోకి పోవడమే. సున్నమైతే పోయేది నీరు. గోడలకు వేసే ఎమల్షన్‌లో ఎక్కువ భాగం నీరు, కొంత రసాయనం. మనం ‘ఆయిల్ పెయింట్’ అనే మామూలు ఎనామెల్‌లో పోయేదంతా పెట్రోలియం నుంచి తీసిన టర్పెంటైన్ రకం ద్రావకం. లీటరు ఎనామెల్‌లో సాధారణంగా 300 గ్రాములకు పైగా ఇలా ఆవిరైపోయే సరుకే. దాన్నే వీఓసీ (వొలటైల్ ఆర్గానిక్ కాంపౌండ్స్) అంటారు. తలనొప్పి, కళ్ల మంట, గొంతులో గరగర, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం వచ్చేది దానివల్లే. ఉడ్‌వర్క్‌కు వేసే పీయూ (పాలీయురెథేన్), మెలమైన్, డూకో పూతల సంగతి ఇంకా ఘాటు. వాటి థిన్నర్లలో టొల్యూన్, జైలీన్ ఉంటాయి. మెలమైన్ నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. పీయూలో కలిపే హార్డెనర్ సరిగా గట్టిపడేలోపు పీలిస్తే కొందరికి కొత్తగా ఆస్తమా అంటుకుంటుంది.

యూరప్‌లో 2010 నుంచి లోపలి గోడలకు వేసే మ్యాట్ (మెరుపు లేని) రంగుల్లో వీఓసీ లీటరుకు 30 గ్రాములు దాటకూడదు. చెక్కకు, ఇనుముకు వేసే నీటి ఆధారిత రంగుల్లో 130 దాటకూడదు. ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 2013 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే ప్రతి గోడ రంగు డబ్బా మీదా ఏ ప్లస్ నుంచి సి దాకా ఒక అక్షరం ఉండాలి. డబ్బాలో ఎంత ఉందన్నది కాదు, రంగు వేశాక 28 రోజులకు కూడా గాలిలోకి ఇంకా ఎంత వదులుతోందన్నది పరీక్షించి ఆ అక్షరం ఇస్తారు. ఈ తేడా మీలాంటివాళ్లకు బాగా తెలియాలి. కొన్ని పదార్థాలు మొదటి రెండు రోజుల్లో భగ్గున వాసన కొట్టి పోతాయి. కొన్ని వాసన లేకుండా నెలల తరబడి మెల్లగా వస్తాయి. ‘ఆడర్‌లెస్’ అని రాసిన డబ్బా చూసి మురిసిపోవద్దనేది అందుకే. వాసన రాకపోవడం వేరు, వీఓసీ లేకపోవడం వేరు. వాసన కప్పెయ్యడానికి సుగంధం కలిపేవాళ్లూ ఉన్నారు.

మన దేశంలో గోడ రంగుల వీఓసీకి ఇలాంటి తప్పనిసరి హద్దు లేదు. ఉన్నవన్నీ ఇష్టమైతే పాటించేవే. పర్యావరణానికి హాని తక్కువ చేసే వస్తువులకు ప్రభుత్వం ఇచ్చే ముద్రగా, మట్టికుండ గుర్తుతో 1991లో మొదలైన ఎకోమార్క్ ఉంది, దాన్ని జనానికి గుర్తుచేసిన నాథుడు లేడు. అలాంటిదే గ్రీన్‌ప్రో అనే ముద్ర ఉంది. ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ఇళ్లకిచ్చే గ్రీన్ రేటింగు ఉంది. అందులో మ్యాట్ రంగులకు లీటరుకు 50 గ్రాములు, మెరుపు రంగులకు 150 గ్రాములు అని స్పష్టమైన అంకెలే ఉన్నాయి. ఆ రేటింగులిచ్చే సంస్థ ముఖ్య కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాద్ కొత్తగూడ పక్కనే ఉంది. ఆ కార్యాలయమున్న సీఐఐ గోద్రెజ్ భవనాన్ని 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. దాని చుట్టూ కొన్ని కిలోమీటర్ల పరిధిలో మీరు ఎన్ని వేల ఫ్లాట్లు కట్టారో మీకే తెలుసు. గ్రీన్ రేటింగు కోసం ఆ అంకెలు పాటించిన ప్రాజెక్టుల్లో పత్రాలు కూడా చూపిస్తారు. పక్క ప్లాటులో రేటింగు లేని మీ ఇంకో టవర్‌కు అదే కాంట్రాక్టరు, అదే డీలరు, రంగు మాత్రం వేరు. చెయ్యగలరని మీరే రుజువు చేసి, మిగతావాళ్లకు చెయ్యకపోవడం ఏమిటి?

ఇక ముహూర్తాల సంగతి.

ఆషాఢంలో ఎవరూ గృహప్రవేశం చెయ్యరు. శ్రావణం రాగానే అందరికీ ఒకేసారి తాళాలు కావాలి. ఆ ఒత్తిడి నాకు తెలుసు. సైట్‌లో జులై, ఆగస్టు ఎలా ఉంటాయో చూసినవాడిని. బయట ముసురు. జల్లు లోపలికి కొట్టకుండా కిటికీలు మూసి, హాలోజెన్ లైట్లు పెట్టి, రాత్రి పగలు తేడా లేకుండా ఆఖరి కోట్లు లాగించేస్తారు. గాలిలో తేమ ఉన్నప్పుడు రంగు ఆరేదే నెమ్మది. పైగా కిటికీలు మూసి ఉంటే వచ్చిన ఆవిరి ఎక్కడికి పోతుంది? సగం ఆరని ప్లాస్టరింగ్ మీద లప్పం పెట్టడం దీనికి అదనం. ఆ గోడలు మరుసటి వేసవికి పొరలు ఊడతాయి, మళ్లీ రంగులు, మళ్లీ ఆ ఆవిరి.

ఇలా తయారైన ఇంట్లోకి ముహూర్తం రోజు తెల్లవారుజామున కుటుంబమంతా అడుగుపెడుతుంది. పాలు పొంగిస్తారు. హోమం చేస్తారు. కొత్త ఇంట్లో మూడు రాత్రులు నిద్ర చెయ్యాలని పెద్దవాళ్లు పట్టుబడతారు గనక చాపలూ పరుపులూ నేల మీదే వేసుకుని పడుకుంటారు. ఆ పడుకునేవాళ్లలో ఆయాసమున్న తాతగారుంటారు, కడుపుతో ఉన్న కోడలుంటుంది, నెలల పిల్లలుంటారు. వర్షం కదా, కిటికీలు మూసే ఉంటాయి. కొత్తింటి వాసన అని అందరూ సంతోషంగా పీలుస్తారు.

ముహూర్తం మార్చమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. మీ షెడ్యూల్ మార్చమంటున్నాను. ఆఖరి కోటుకూ తాళాలకూ మధ్య మూడు వారాలు కిటికీలు తెరిచి ఉంచగలిగితే మొదటి ఘాటు చాలావరకు పోతుంది. పూజ గదికి ఈశాన్యం మూల అటూ ఇటూ అయితే గోడ పగలగొట్టి మళ్లీ కట్టించే మీకు మూడు వారాలు కుదరవా?

సీసం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది అయిపోయిన కథ అని మీలో చాలామంది అనుకుంటున్నారు. 2016 నవంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2017 నవంబరు నుంచి ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు దాటకూడదు. డబ్బా మీద ఆ మాట రాసి ఉండాలి. పెద్ద కంపెనీల ఎమల్షన్లతో ఇప్పుడు ఈ భయం పెద్దగా లేదు. నా అనుమానమంతా గ్రిల్స్ మీద, గేట్ల మీద. సీసం ఎక్కువగా కలిసేది ఎనామెల్‌లోనే, అందులోనూ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో. ఆ రంగులకు మెరుపూ నిలకడా ఇచ్చే లెడ్ క్రోమేట్ అనే సీసపు పొడి చవక. ఆ 90 పీపీఎం నిబంధన రాసింది ఇళ్ల రంగులకు, అలంకరణ రంగులకు. పరిశ్రమల కోసమని తయారైన డబ్బాకు అది వర్తించదు. మీ బాల్కనీ రెయిలింగ్ మీ సైట్‌లో తయారవదు. ఎక్కడో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో తయారై, ప్రైమరూ రంగూ కొట్టుకుని లారీలో వస్తుంది. ఆ షెడ్డులో ఏ డబ్బా మూత తీశారో మీ సైట్ ఇంజినీరు ఎప్పుడైనా చూశాడా? పసుపుగా ఉండే జింక్ క్రోమేట్ ప్రైమర్‌లో క్యాన్సర్ కారకమైన క్రోమియం ఉంటుందని, దాని బదులు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ దొరుకుతుందని ఆ షెడ్డు మేస్త్రీకి ఎవరైనా చెప్పారా? నడక నేర్చే పిల్లలు పట్టుకుని నిలబడేదీ, పళ్లు వచ్చేటప్పుడు కొరికేదీ ఆ రెయిలింగునే.

పిల్లల ఒంట్లో సీసం ఇంత ఉంటే పరవాలేదని చెప్పగలిగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళన పడాల్సినంత ఉంది. దానికి బ్యాటరీల కరిగింపు, మసాలాల కల్తీ, వంటపాత్రలు, ఇలా చాలా కారణాలున్నాయి, అంతా రంగుల పాపమే అనడం అన్యాయం. కానీ రంగు ఒక్కటే పూర్తిగా మీ చేతిలో ఉన్నది.

పాత అపార్ట్‌మెంట్లకు మళ్లీ రంగులు వేయించే కాంట్రాక్టర్లు కూడా మీ మనుషులే గనక ఒక మాట. 2017కు ముందు వేసిన ఎనామెల్‌ను పొడిగా గీకినా, మంటతో కాల్చి తీసినా దుమ్ములో, పొగలో సీసం రావచ్చు. తడిపి గీకించండి. ఆ చెత్త ఊడ్చకుండా తడిగుడ్డతో తీయించండి. పిల్లలున్న ఇల్లయితే పని అయ్యేదాకా వాళ్లను వేరే చోట ఉంచమని ముందే చెప్పండి.

ఇంతవరకూ కొనేవాళ్ల మాటే అయింది. అసలు ఎక్కువ పీల్చేది వాళ్లు కాదు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన పెయింటర్లు ఏళ్ల తరబడి పీలుస్తారు. పెయింటరు వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లో చేర్చింది. ఒక రసాయనాన్ని కాదు, మొత్తం వృత్తిని. ఆ తర్వాత మళ్లీ పరిశీలించి కూడా అదే మాట నిలబెట్టింది. డెన్మార్క్‌లో ద్రావకాలు పీల్చి పీల్చి జ్ఞాపకశక్తి దెబ్బతిన్న పెయింటర్లను చూశాక, 1982లో అక్కడ రంగు డబ్బాల మీద ఒక సంఖ్య వేసే పద్ధతి తెచ్చారు. ఆ రంగు వాడితే ఎంత గాలి ఆడాలో చెప్పే సంఖ్య అది. అదే పని తక్కువ సంఖ్య ఉన్న రంగుతో అయితే దానితోనే చెయ్యాలి. మన సైట్లలో పెయింటరు ముక్కుకు తువ్వాలు కట్టుకుంటాడు. తువ్వాలు లప్పం దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని ఏమాత్రం ఆపదు. సాయంత్రం అదే థిన్నర్‌తో చేతులు కడుక్కుని, రంగు వేసిన గదిలోనే పడుకుంటాడు. నిర్మాణ కార్మికుల సంక్షేమానికి మీరు ఒక శాతం సెస్సు కడుతున్నారు, ఒప్పుకుంటాను. ఆ సెస్సు కట్టడంతో ఈ బాధ్యత తీరిపోలేదు. ఇంటి లోపల ద్రావకపు ఎనామెల్ మానేస్తే అతనికి జరిగే మేలు ఏ హెల్త్ క్యాంపుతోనూ జరగదు.

మీరు ఏమంటారో నాకు తెలుసు. కస్టమర్లు అడగరంటారు. పవర్ బ్యాకప్ కావాలనీ, బాత్రూముల్లో గోడకు వేలాడే కమోడ్లు కావాలనీ కస్టమర్లు మొదట అడిగారా? మీరు పెట్టారు, పక్కవాడికి తప్పలేదు.

నీటి ఆధారిత ఎనామెల్ పని కష్టమంటారు. ఇందులో నిజముంది. ఎండాకాలం అది తొందరగా ఆరిపోతుంది, చెయ్యి తిరగని పెయింటరు వేస్తే బ్రష్ గీతలు కనిపిస్తాయి. పాత ఆయిల్ పెయింట్ మీద సరిగా రుద్ది ప్రైమర్ వెయ్యకపోతే పట్టదు. అద్దంలా మెరవాలంటే పాతదానికి కాస్త వెనకే. కానీ దాని పసుపుబారడం తక్కువ, తెల్లటి తలుపు తెల్లగానే ఉంటుంది. అడిగితే కంపెనీలు తమ మనుషుల్ని పంపి పెయింటర్లకు నేర్పిస్తాయి. ఎలాగూ డబ్బాలో, చూపిస్తే డబ్బులొచ్చే టోకెన్లు పెట్టి మేస్త్రీలను ఆకట్టుకునేది ఆ కంపెనీలే గదా. ఏ డబ్బా కొనాలో చాలాసార్లు తేల్చేది ఆ టోకెనే, మీ ఆర్కిటెక్టు కాదు. ఈ సంగతి మీకు తెలిసే వదిలేస్తున్నారని నా అనుమానం.

ఖర్చంటారు. పదిహేను వందల అడుగుల ఫ్లాట్‌కు లోపల రంగు వేసే వైశాల్యం దాదాపు ఐదు వేల అడుగులు. రెండు పూతలకు ఎనభై లీటర్లు వేసుకుందాం. మంచి సరుకుకు లీటరుకు వంద రూపాయలు ఎక్కువైనా ఎనిమిది వేలు. ఫ్లోర్ పెరిగిన కొద్దీ అడుగుకు ఇంతని ‘ఫ్లోర్ రైజ్’ వసూలు చేసే మీ నోట ఎనిమిది వేల మాట బాగుండదు.

‘సహజమైన’ రంగులు వేస్తే చాలదా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఖాదీ కమిషన్ 2021 జనవరిలో ఆవు పేడతో చేసిన రంగు తెచ్చింది, అప్పట్లో డిస్టెంపర్ లీటరు 120, ఎమల్షన్ 225 రూపాయలు. వాడి చూడండి, దాన్నీ అంకెలతోనే కొలవండి. నాకు వ్యక్తిగతంగా సున్నమంటే ఇష్టం. పల్నాడులో పిడుగురాళ్ల బట్టీల నుంచి వచ్చే సున్నానికి నీలిమందు కలిపి సంక్రాంతికి వెల్ల వేసుకున్న ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. వీఓసీ లేదు, క్షారం గనక బూజు తొందరగా పట్టదు. అయితే చొక్కాకు అంటుతుంది, కంట్లో పడితే ప్రమాదం, ఎమల్షన్ వేసిన గోడ మీద నిలవదు. స్టోర్ రూములకు, మెట్ల కింద గోడలకు, పార్కింగ్ సీలింగులకు మీరు ఎందుకు వాడకూడదో మాత్రం నాకు అర్థం కాదు. అలాగే నీటి ఆధారితమైనదంతా అమృతమనీ అనుకోవద్దు. డబ్బాలో కుళ్లకుండా కలిపే మందుల వల్ల కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి. విశాఖలో సముద్రపు తేమకు బూజు పడుతుందని బూజు మందు ఎక్కువున్న రంగు వేసేముందు, బాత్రూం గోడలో కారుతున్న పైపు చూడండి.

రేరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం పద్నాలుగో సెక్షన్ మీకు నాకన్నా బాగా తెలుసు. ఒప్పందంలో రాసిన స్పెసిఫికేషన్స్‌కు మీరు కట్టుబడాలి. అప్పగించిన ఐదేళ్లలోపు నాణ్యతలో లోపం బయటపడి కొన్నవాళ్లు చెబితే ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. ‘ప్రీమియం’ అన్న మాటకు లోపం చూపించడం ఎవరివల్లా కాదు. బహుశా ఆ మాట అక్కడ ఉన్నది అందుకే. అంకె రాస్తే చూపించవచ్చు. మీ ప్రాజెక్టు సేల్స్ కోసం వచ్చే పెయింట్ కంపెనీ ప్రతినిధిని టెక్నికల్ డేటా షీటు అడగండి, వీఓసీ అంకె అందులో ఉంటుంది. లేకపోతే రాసిమ్మనండి. టింట్ కలపకముందు అంకె చెబుతాడు, కలిపాక ఎంతో అడగండి. ముదురు షేడ్లకు కలిపే టింటర్లతో అది పెరగవచ్చు.

దసరాకు ప్రాపర్టీ షోలు వస్తున్నాయి, కొత్త బ్రోచర్లు ఇప్పుడే ప్రెస్సుకు వెళతాయి. రంగుల వరసలో పాత వాక్యం తీసేసి పెట్టడానికి ఇది రాసిస్తున్నాను. నా పేరు అక్కర్లేదు, అలాగే అచ్చేసుకోండి:

‘లోపలి గోడలు, సీలింగు: నీటి ఆధారిత యాక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు. టింట్ కలిపాక వీఓసీ లీటరుకు 50 గ్రాములకు మించదు. తలుపులు, గ్రిల్స్, రెయిలింగులు: నీటి ఆధారిత ఎనామెల్, లీటరుకు 150 గ్రాములకు మించదు. ప్రైమర్లలో క్రోమేట్లు ఉండవు. ఇంట్లో వాడిన అన్ని రంగుల్లో, బయటి షెడ్డులో వేసినవాటితో సహా, సీసం 90 పీపీఎం లోపు. ఆఖరి కోటుకూ తాళాల అప్పగింతకూ మధ్య కనీసం 21 రోజులు. వాడిన డబ్బాల లేబుళ్ల ఫొటోలు, డేటా షీట్లు ఇంటి పత్రాలతో పాటు ఇవ్వబడతాయి.’

ఇట్లు,
ఫినిషింగ్ పనులు చూసే ఒక సివిల్ ఇంజినీరు